పుట్టినచోటు నెరిగి పెంచవలసిన పూలమొక్క

పూలమొక్కను కొనువారిలో పెక్కుమంది పూవును చూచి కొందురే గాని, ఆ మొక్క పుట్టిన నేల యెట్టిది, అచట వాన లెప్పుడు కురియును, ఎండ యెంత కాయును, రాత్రివేళ చలి యెంత యుండును అని విచారించి కొనువారు మిక్కిలి అరుదు. ఈ విచారణ లేకపోవుటచేతనే ఏటేట ఎన్నియో మొక్కలు మన పెరళ్లలో అకాలమరణము పాలగుచున్నవి. వానిని తెచ్చినవారేమో తమ హస్తవాసి మంచిది కాదని నిష్కారణముగ నొచ్చుకొనుచున్నారు. నిజమునకు దోషము హస్తవాసిది కాదు, ఎన్నికది. ఈ సత్యమును విశదపరచుటకు ఫ్యూషియాను మించిన ఉదాహరణము మరియొకటి కానరాదు.

వేసవిలో ఊటీకిని, కొడైకెనాలుకును పోయివచ్చు మన యాత్రికులు అచటి యిండ్ల వసారాలలో, కమ్ముల వెంబడి, వ్రేలాడదీసిన తొట్లలో ఈ పూవును చూచి మోహపడుట సహజము. సన్నని కాడ చివర తలక్రిందుగ వ్రేలాడు ఈ పూవునకు మొదట ఒక చిన్న గొట్టము, దాని నుండి విచ్చుకొని వెనుకకు వంగిన నాలుగు రక్షకపత్రములు, వానికి లోపల ఒకదానిపై నొకటి చుట్టుకొనియున్న నాలుగు ఆకర్షణపత్రములు, వాని నడుమ నుండి క్రిందికి జారిన ఎనిమిది కేసరములు, ఆ కేసరములను గూడ మించి దిగిన కీలము ఉండును. రక్షకపత్రముల దొక రంగు, లోపలి రేకుల దింకొక రంగు. ఎరుపు క్రింద ఊదా, తెలుపు క్రింద గులాబి, మన చీరల దుకాణములలో రాణి రంగు అని పిలుచు ఆ నిండు వన్నె క్రింద నీలము. ఇట్టి పూవు తమ వాకిట కూడ వ్రేలాడిన బాగుండునని అనుకొనని వారుండరు.

కాని తల్లాడ నుండి కొత్తగూడెము పోవు రహదారిపై, ఖమ్మము మైదానములు ముగిసి భద్రాచలపు అడవులు మొదలగు ప్రాంతమున నున్న జూలూరుపాడులో ఈ కోరిక నెరవేరుట దుర్లభము. 2016లో ఖమ్మము జిల్లా నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చిన ఈ మండలము ప్రత్తి, మిరప చేలకును, టేకు, ఇప్ప, మోదుగ చెట్లకును ఇల్లు. రోహిణి కార్తెలో ఇచటి ఎండ 45 డిగ్రీల చేరువకు పోవుచుండును. ఆ యెండలో ఫ్యూషియా ఏల నిలువదో, అది నిలువగల చోట దానిని ఎట్లు పెంచవలెనో, మన నేలపై దాని స్థానమును ఏ పూవులు నింపగలవో క్రమముగ విచారింతము.

ఫ్యూషియా జన్మస్థానము

ఈ మొక్కను పాశ్చాత్య శాస్త్రలోకమునకు తొలిసారి తెలియజేసినవాడు షార్ల్ ప్లూమియే అను ఫ్రెంచి సన్న్యాసి. పదునేడవ శతాబ్ది చివరి దశకమున అతడు కరీబియను సముద్రములోని హిస్పానియోలా ద్వీపమున, అనగా నేటి హైతి, డొమినికను గణతంత్ర దేశములున్న ద్వీపమున, వృక్షములను పరిశీలించుచు దీనిని కనుగొని, 1703లో ప్రకటించిన తన గ్రంథమున వర్ణించెను. తనకంటె నూరేండ్లకు పైగ ముందుండిన జర్మను వైద్యుడు, ట్యూబింగెను విశ్వవిద్యాలయపు ఆచార్యుడు, 1542లో మూలికలను గూర్చి సచిత్రమైన మహాగ్రంథమును వెలువరించినవాడు అగు లియోన్‌హార్ట్ ఫుక్స్ పేరును గౌరవసూచకముగ దీనికి పెట్టెను. 1566లో మరణించిన ఆ వైద్యుడు తన పేరిటి పూవును తాను చూడనేలేదు.

నేడు శాస్త్రజ్ఞులు గుర్తించిన ఫ్యూషియా జాతులు సుమారు 110. వానిలో అధికభాగము దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతముల యందును, మధ్య అమెరికా కొండల యందును, మబ్బులు తగులు అడవుల యందును పుట్టినవి. కొన్ని న్యూజీలాండులోను, ఒకటి తాహితి ద్వీపమునను గలవు. న్యూజీలాండు జాతులలో ఒకటి పొదగా నుండక, పొరలు పొరలుగ ఊడు బెరడుతో, నిలువెత్తు వృక్షమగును. చిలీ, అర్జెంటీనా దేశముల దక్షిణాగ్రమున పెరుగు జాతి మంచును సైతము కొంతవరకు ఓర్చుకొనును. ఈ జాతులను కలిపి తోటమాలులు పుట్టించిన సంకరరకములు వేలకొలదిగ నున్నవి. అమెరికాలో 1929లోను, బ్రిటనులో 1938లోను కేవలము ఈ పూవు కొరకే సంఘములు వెలసెననిన దీనిపై జనులకు గల ప్రీతి యెట్టిదో ఊహింపవచ్చును.

ఈ పూవు తలక్రిందుగ నుండుట వృథా విలాసము కాదు. దాని జన్మభూమిలో గాలిలో నిలిచి రెక్కలాడించుచు పొడవైన ముక్కుతో తేనె త్రాగు అతి చిన్న పక్షులు గలవు. కొమ్మపై వాలవలసిన యవసరము లేని ఆ పక్షులకు, క్రిందికి తెరచుకొని ఎఱ్ఱని రంగుతో పిలుచు పూవు అనుకూలము; తేనె త్రాగుచున్నంతసేపు పక్షి తలకు కేసరముల పుప్పొడి అంటును. మన దేశమున ఆ పక్షిజాతి లేదు. పూవు రూపము, రంగు, వ్రేలాడు తీరు అన్నియును ఒక దూరదేశపు కొండలోయలోని జీవితమునకు తగినట్లు ఏర్పడినవని గ్రహించినచో, ఆ మొక్క మన నుండి ఏమి కోరునో తెలిసికొనుట సులభము. అది కోరునవి చల్లని గాలి, చెమ్మ, చెట్ల క్రింది సగము నీడ, నీరు నిలువని మెత్తని నేల, అన్నింటికంటె ముఖ్యముగ చల్లని రాత్రి.

చల్లని చోట్ల దాని పరిచర్య

నీలగిరులలో కాపురమున్న తెలుగువారును, ఇంగ్లండు, న్యూజీలాండు, అమెరికా పశ్చిమతీరపు చల్లని పట్టణములు మొదలగు చోట్ల స్థిరపడిన మనవారును ఈ మొక్కను నిశ్చింతగ పెంచుకొనవచ్చును. ఉదయపు లేయెండ తగిలి, మధ్యాహ్నమునకు నీడ పడు తూర్పు ముఖపు వసారా దానికి శ్రేష్ఠమైన స్థానము. కొమ్మలు నిటారుగ పెరుగు రకములను కుండలలోను, జారి వ్రేలాడు రకములను ఎత్తున కట్టిన తొట్లలోను నాటవలెను. మట్టి ఎప్పుడును చెమ్మగ నుండవలెను గాని బురదగ నుండరాదు; కుండ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను.

దీని పెంపకములో ప్రధానమైన మెలకువ చివుళ్లను త్రుంచుట. లేతకొమ్మకు రెండు మూడు జతల ఆకులు రాగానే దాని కొనను గోటితో త్రుంచినచో, ఆ క్రింది కణుపుల నుండి రెండు కొమ్మలు బయలుదేరును. వానిని మరల త్రుంచిన నాలుగగును. ఫ్యూషియా క్రొత్తగ పెరిగిన కొమ్మ మీదనే పూచును గనుక, కొమ్మలు హెచ్చిన కొలదిని పూలు హెచ్చును. అయితే త్రుంచుట ఆపిన పిమ్మట ఇంచుమించు రెండు నెలలకు గాని పూలు విరివిగ రావు. కావున పూలు ఎప్పుడు కావలెనో దానికి ముందుగనే త్రుంచుట నిలిపివేయవలెను. వాడిన పూవుతో బాటు దాని వెనుక మిగులు చిన్న కాయను గూడ తీసివేయవలెను. కాయ పండనిచ్చినచో మొక్క తన బలమును విత్తనమునకు మరల్చి పూయుట తగ్గించును. పండిన కాయలు తినదగినవే. కొందరు వానితో జాము కూడ చేయుదురు.

పూయుకాలమున వారమున కొకసారి పలుచని ద్రవపు ఎరువు ఈయవలెను. ఆకుల క్రింద తెల్లదోమయు, నారింజరంగు పొడివలె కనబడు త్రుప్పు తెగులును దీనికి సామాన్య శత్రువులు. తెగులు తగిలిన ఆకులను ఏరి కాల్చివేయుట మొదటి చికిత్స. శీతకాలమున మంచు పడు దేశములలో కొమ్మలను కత్తిరించి, చల్లనిదైనను నీరు గడ్డకట్టని గదిలో ఉంచి, మట్టి పూర్తిగ ఎండకుండ మాత్రము నీరు చిలుకరించుచు విశ్రాంతి నీయవలెను. వసంతమున అది మరల చిగుర్చును.

మన యెండలో ఏల బ్రతుకదు?

ఇక జూలూరుపాడునకు వత్తము. పగటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటిన కొలదిని ఫ్యూషియా మొగ్గలు విచ్చకయే రాలిపోవును. ఆకులు ఆవిరిగ వదలు నీటిని వేళ్లు తీసికొని రాజాలవు. అందుచేత మట్టి తడిగ నున్నను మొక్క తల వాల్చును. ఇచటనే అనుభవము లేనివారు ఒక పెద్ద పొరపాటు చేయుదురు. మొక్క వాడినదని మరల నీరు పోయుదురు. అప్పటికే తడిసి వేడెక్కియున్న కుండమట్టిలో ఆ నీరు వేళ్లను క్రుళ్లజేయును. మొక్క నిజముగ చచ్చునది దాహముచేత కాదు, అనవసరముగ పోసిన నీటిచేత. వాడిన ఫ్యూషియాను చూచినప్పుడు ముందు మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూచి, తడి యున్నచో నీరు పోయక నీడకు జరిపి, చుట్టుపట్ల నేలపై నీరు చల్లి గాలిని చల్లపరచవలెను.

రాత్రి కూడ చల్లబడకుండుట మరియొక విపత్తు. పగలు సూర్యకాంతితో మొక్క తయారుచేసికొన్న ఆహారమును రాత్రి శ్వాసక్రియ కొంత ఖర్చుచేయును. రాత్రి వేడిగ నున్నచో ఆ ఖర్చు పెరిగి, పెరుగుదలకును పూతకును మిగులునది తరిగిపోవును. ఆండీసు కొండలలో పగలెంత వెచ్చగ నున్నను రాత్రి చలి తప్పదు; మన మే నెల రాత్రులలో గోడలు సైతము సెగలు క్రక్కుచుండును.

అటులైన శీతకాలమున పెంచరాదా యని కొందరు అడుగవచ్చును. ఇందులో సూక్ష్మమైన చిక్కు ఒకటి గలదు. ఫ్యూషియా రకములలో అనేకము పగలు 12 గంటలకు మించి యుండు దినములలోనే మొగ్గ తొడుగును. మనకు పగలు 12 గంటలు దాటునది మార్చి చివర నుండి సెప్టెంబరు వరకు. అందు మొదటి సగము అగ్నిగుండము, రెండవ సగము ఉక్కపోత. గాలి చల్లబడు మార్గశిర పుష్యమాసములలోనేమో పగలు పొట్టిది. మొక్క కోరు వెలుతురును, మొక్క కోరు చలువయు మన యెడ ఒకే కాలమున కలిసిరావు. తోటమాలి యెంత శ్రద్ధ చూపినను ఈ లోపము తీరునది కాదు. ఉష్ణమును కొంత ఎక్కువగ ఓర్చు రకములు లేకపోలేదు. ప్లూమియే చూచిన కరీబియను జాతి నుండి జర్మనీలో బాన్‌స్టెట్ అను తోటమాలి 1905లో రూపొందించిన రకము అట్టిదే. కాని ఓర్పునకు గూడ ఒక మేర యుండును. 45 డిగ్రీలు ఆ మేరకు చాల దూరము.

సగము నీడకు తగిన మన పూవు

ఫ్యూషియాను కోరువారు నిజముగ కోరునది ఏమి? నీడ పడు వసారా ప్రక్కన, పెద్దయెండ తగులని మూలలో, ఏడాది పొడుగున నిండు రంగుతో పూచు చిన్న మొక్క. అట్టి మొక్క మనకు లేనిది కాదు. అది కనకాంబరము. దక్షిణ భారతమును సింహళమును దాని జన్మభూములు. చెట్ల నీడ దానికి తెలిసినదే; 30 నుండి 35 డిగ్రీల ఉష్ణోగ్రత దానికి హాయి. ఎండు గాలి వీచు వేసవిలో సైతము తగినంత నీరున్నచో అది పూయుట మానదు. ఫ్యూషియా చనిపోవు చోటనే కనకాంబరము కళకళలాడును.

దీనిని తలలో తురుముకొన్న వారందరును దీనిని దగ్గరగ చూచినవారు కారు. మొక్క కొమ్మ చివర నుండి నాలుగు పలకలుగ తీర్చిన పచ్చని వెన్ను నిలుచును. ఆ వెన్నుపై వరుసవరుసగ అమరిన పచ్చని పుచ్ఛముల సందుల నుండి, అడుగువైపు నుండి మొదలుకొని పైకి, దినమునకు కొన్ని చొప్పున పూలు విచ్చుకొనుచు పోవును. ఒక్కొక్క వెన్ను ఇంచుమించు మూడు వారములు పూచును. ప్రతి పూవునకు క్రింద దారమంత సన్నని గొట్టము. పైన అయిదు తమ్మెలు గల రేకు, చుట్టును పరచుకొనక ఒకే వైపునకు విప్పారియుండును. సువాసన లేదనియే చెప్పవలెను. అయినను మల్లెలు సాయంకాలమునకే వాడిపోవుచుండ, కనకాంబరము మాలలో రెండవనాడు గూడ రంగు చెడక నిలుచును; బరువన్నది లేదు గనుక ఎంత పెద్ద దండయైనను జడకు భారము కాదు. అందుకే మన తల్లులు వాసన కొరకు మల్లెను, మరువమును, వన్నె కొరకు కనకాంబరమును కలిపి మాలకట్టుదురు.

విత్తనము వెదజల్లు తీరు దీనిలోని మరియొక వింత. పూత ముగిసిన వెన్నులో చిన్న కాయలు కట్టి, ఎండి గోధుమరంగునకు తిరుగును. ఎంత ఎండినను అవి వాటంతట అవి పగులవు. ఎండిన వెన్నును ఒక పళ్లెములో ఉంచి నాలుగు చుక్కల నీరు చల్లి చూడుడు: కొంతసేపటికి చిట్‌మని శబ్దము చేయుచు కాయ రెండుగ చీలి, లోని విత్తనములను దూరముగ విసరివేయును. తొలకరి చినుకు పడినప్పుడే నేల తడియును. నేల తడిసినప్పుడే విత్తనము మొలచును. అందువలన చినుకు తగిలినప్పుడే కాయ విచ్చుకొనును. ఋతువును గ్రహించు ఈ యేర్పాటు మన వానల దేశములో పుట్టిన మొక్కకు ఎంతయు తగినది. విత్తనములు సేకరింపదలచినవారు ఎండిన వెన్నులను నీరు చల్లకముందే ఒక గుడ్డసంచిలో మూటగట్టి, ఆ పైన తడిపినచో గింజలు చెదరిపోవు.

నాటు విధము, పోషణ

కనకాంబరములో రకముల భేదము తెలిసికొనుట అవసరము. నాటురకము నారింజ వన్నెతో పూచి గింజలు కట్టును. పసుపు, ఎఱ్ఱ రకములును గలవు. ఢిల్లీ కనకాంబరమని పేరుపడిన రకము నిండు వన్నెతో, పెద్ద పూలతో ఆకర్షించును గాని, దాని కణములలో క్రోమోజోములు రెండేసి గాక మూడేసి చొప్పున ఉండుటచే అది గింజలు కట్టదు. కొమ్మలను నాటియే దానిని వ్యాపింపజేయవలెను. దాని క్రింద గింజల కొరకు కాచుకొని కూర్చుండుట వ్యర్థము. బెంగుళూరు చేరువ హెసరఘట్టలోని భారతీయ ఉద్యానపరిశోధన సంస్థ రూపొందించిన అర్క అంబర, అర్క కనక మొదలగు రకములును వ్యాప్తిలో నున్నవి.

మృగశిర కార్తె వానలు పడి నేల చల్లబడిన తరువాత నారు పోయుట మంచిది. గింజలు పది, పదునైదు దినములలో మొలచును. నెలన్నర, రెండు నెలల వయసు నారును పీకి నాటవలెను. నాటిన రెండు మూడు నెలలకు పూత మొదలగును. పెరటిలో వరుసలుగ నాటదలచినచో వరుసకు వరుసకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్లు ఎడముంచవలెను. కుండలో పెంచువారు పది, పండ్రెండంగుళముల కుండ తీసికొని, ఎఱ్ఱమట్టి, బాగుగ చివికిన పశువుల ఎరువు, ఇసుక సమపాళ్లుగ కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి నింపవలెను. జూలూరుపాడు ప్రాంతపు ఎఱ్ఱచెలక నేలలు నీటిని త్వరగ వదలుటచే ఈ మొక్కకు అనుకూలము. నల్లరేగడి యున్నచోట నేలకంటె ఎత్తుగ మట్టి పోసి, నీరు నిలువకుండ జేసి నాటవలెను.

సున్నము పాలు ఎక్కువగ నున్న రేగడిలో ఆకుల ఈనెలు పచ్చగ నుండి, ఈనెల మధ్యభాగము పసుపుపచ్చగ మారుట తరచుగ కనబడును. అది ఇనుపధాతువు అందక కలుగు లోపము. లీటరు నీటిలో 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కరిగించి, సాయంకాలమున ఆకులపై వారమున కొకసారి రెండు మూడు పర్యాయములు చల్లినచో పచ్చదనము మరలివచ్చును.

ఎక్కడ నాటవలెననునది అన్నింటికంటె ముఖ్యము. జామచెట్టు క్రింద, తూర్పు వాకిట, ఇంటి ఉత్తరపు గోడ ప్రక్కన, అనగా ప్రొద్దుటి ఎండ తగిలి మిట్టమధ్యాహ్నపు ఎండ తగులని చోట నాటుడు. పూర్తి చీకటినీడలో ఆకులే పెరుగును గాని పూలు తగ్గును. వేసవిలో నేలపై నున్న మొక్కలకు మూడు నాలుగు దినముల కొకసారియు, కుండలలోని వానికి దినదినమును నీరు పోయవలెను. ఎండుటాకులను పాదుచుట్టును రెండంగుళముల మందమున పరచినచో చెమ్మ నిలిచి, వేళ్లకు వేడి తగులదు. మన ప్రాంతమున వేప, టేకు ఆకులకు కొదువ లేదు గదా. పూలను దినము విడిచి దినము, ఎండ ఎక్కకమునుపు కోయవలెను. పూత ముగిసిన వెన్నులను విత్తనమునకు కావలసినవి తప్ప మిగిలిన వానిని మొదటికి త్రుంచివేయుడు. క్రొత్త కొమ్మలు వచ్చి క్రొత్త వెన్నులు వేయును. ఫ్యూషియా విషయమున చెప్పిన సూత్రమే ఇచటను వర్తించుచున్నది.

తెగుళ్లు, వాని నివారణ

కనకాంబరమునకు ప్రబల శత్రువు కంటికి కనబడనిది. నేలలో నుండు నులిపురుగులు వేళ్లలో జొరబడి వానిని తొలిచివేయును. మొక్క ఎదుగక గిడసబారును. ఆకులు చిన్నవై, ఎఱుపు కలిసిన పాలిపోయిన వన్నెకు మారును. పెరికి చూచినచో వేళ్లపై నల్లని మచ్చలు కనబడును. నీరు, ఎరువు ఎంత పెట్టినను ఇట్టి మొక్క కోలుకొనదు. దీనికి మన పెరటిలోనే విరుగుడు గలదు. బతుకమ్మ పండుగ కొరకు మనము పెంచు బంతి మొక్క వేళ్లలో నులిపురుగులను చంపు పదార్థము గలదని శాస్త్రజ్ఞులు నిరూపించియున్నారు. కనకాంబరము నాటదలచిన మడిలో ముందుగ ఒక పంట బంతి వేసి, పిదప కనకాంబరము నాటుటయు, మధ్యమధ్య బంతి మొక్కలుంచుటయు, నాటునప్పుడు వేపపిండి వేయుటయు, ఒకే మడిలో ఏండ్ల తరబడి కనకాంబరమునే నాటకుండుటయు చేయదగిన పనులు.

మరియొకటి ఎండుతెగులు. పచ్చగ నున్న మొక్క హఠాత్తుగ పసుపుబారి, మొదలు కుళ్లి ఎండిపోవును. ఇది శిలీంధ్రముచే కలుగును; నులిపురుగులు చేసిన గాయముల ద్వారమున అది సులభముగ లోన ప్రవేశించును. ఎండిన మొక్కను వేళ్లతో సహా పెరికి కాల్చివేయవలెను. ట్రైకోడెర్మా అను మేలుచేయు శిలీంధ్రమును పశువుల ఎరువుతోను, వేపపిండితోను కలిపి, నీడలో వారము పది దినములు చెమ్మగ నుంచి, పాదులలో వేసినచో ఈ తెగులును చాలవరకు అడ్డుకొనవచ్చును. ఇట్టి విషయములలో సలహా కావలసినవారికి వైరాలోని కృషి విజ్ఞాన కేంద్రము దూరము కాదు. పేనుబంక, పిండినల్లి, తెల్లదోమ కనబడినచో లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెయు, కొద్దిగ సబ్బునీరును కలిపి ఆకుల అడుగుభాగము తడియునట్లు సాయంకాలమున చల్లవలెను. తలలో ధరించు పూవు, దేవునికి సమర్పించు పూవు అగుటచే దీనిపై విషపుమందులు చల్లుట ఏవిధమునను తగదు.

వ్రేలాడు పూవే కావలెనన్నచో

రంగు చాలదు, పూవు వ్రేలాడవలెను అని పట్టుబట్టువారికి చీలికరేకుల మందారము గలదు. ఇది తూర్పు ఆఫ్రికా తీరపు మొక్క. దాని ఎఱ్ఱని రేకుల అంచులు చిన్నచిన్న చీలికలై వెనుకకు ముడుచుకొనియుండును. పొడవైన కాడపై పూవు తలక్రిందుగ వ్రేలాడుచుండ, కేసరనాళము దాని నుండి ఇంకను క్రిందికి జారియుండును. దూరమునుండి చూచినవారు పెద్ద ఫ్యూషియాయని భ్రమపడుదురు. ఉష్ణదేశపుది గనుక మన వేసవిని నీరున్నచో సహించును. వానకాలములో కొమ్మ నాటిన సులభముగ నాటుకొనును. పొద పెరిగినపుడు వానలకు ముందు మూడవ వంతు కత్తిరించినచో నిండుగ చిగిర్చి పూచును. మన తేనెపిట్టలు ఈ పూవునకు మరగుటయు విశేషమే. కాడను పట్టుకొని తలక్రిందుగ వ్రేలాడి అవి తేనె త్రాగుట పలుమారు చూడవచ్చును. పిండినల్లి దీనికి ప్రధానమైన బెడద. చీమలు ప్రాకుచున్న కొమ్మను చూచినచో పిండినల్లి యున్నదని గ్రహించి, పైని చెప్పిన వేపనూనెను చల్లవలెను.

చీలికరేకుల మందారము కూడ విదేశీయమే గదా, మరి ఫ్యూషియాకు పెట్టిన ఆక్షేపణ దీనికి ఏల పెట్టరు అని అడుగువారుండవచ్చును. పరదేశపు మొక్క యనుటయే దోషము కాదు. మనము వంటలో వాడు మిరపయు, తోటలో పండించు జామయు అమెరికా ఖండములనుండి వచ్చినవే. చూడవలసినది దేశము కాదు, శీతోష్ణస్థితి. పుట్టినచోటి యెండవానలు మన యెండవానలకు దగ్గరగ నున్నచో ఆ మొక్క మనదగును. లేనిచో ఎంత సమీపమునుండి తెచ్చినను అది పరాయిదియే. ఊటీ మనకు సముద్రముల కావల నున్నది కాదు గాని, ఊటీ పూవు జూలూరుపాడున బ్రతుకదు.

ఈ సూత్రమునకు రెండవ ముఖమును గలదు. అలంకారము కొరకు తెచ్చిన మొక్క చచ్చిపోవుట ఒక నష్టమైన, అది మితిమీరి బ్రతుకుట అంతకంటె పెద్ద నష్టము. లాంటానా అను పూలపొదను 1809లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనమునకు అందము కొరకే తెచ్చిరి. మన శీతోష్ణస్థితి దానికి అతిగా నచ్చినది. పశువులు దానిని మేయవు. పక్షులు దాని పండ్లు తిని గింజలను అడవి యంతట చల్లినవి. నేడు దేశములోని ఎన్నియో అడవులలో అది నేలను కప్పివేసి, గడ్డిని, లేత చెట్లను ఎదుగనీయకున్నది. అడవి అంచున నున్న ఊళ్లవారు ఈ విషయమున మరింత జాగరూకులై యుండవలెను. పెరటిలో నాటిన మొక్క కంచె దాటి అడవిలో చేరునా యని ముందే ఆలోచింపవలెను. అట్లే అడవిలోని మొక్కను అందము చూచి వేళ్లతో పెరికి తెచ్చుటయు తగని పని. అడవి వలన బ్రతుకు కోయ కుటుంబములకు ఇప్ప, తునికి, మోదుగ జీవనాధారములు.

పాఠకులకు నా మనవి యొక్కటే. ఈ వానకాలమున నర్సరీకి పోయి మొక్కను ఎన్నుకొనునప్పుడు దాని ధర అడుగకముందు దాని పుట్టినచోటు అడుగుడు. అచటి చలి యెంత, ఎండ యెంత అని అడుగుడు. నీలగిరులలో నున్నవారు ఫ్యూషియాను నిశ్చింతగ పెంచుకొనుడు. ఖమ్మము, కొత్తగూడెము, భద్రాచల ప్రాంతముల వారు ఆ యాశను విడిచి, తూర్పు వాకిట నాలుగు కనకాంబరములను, వాని నడుమ రెండు బంతిమొక్కలను నాటుడు. వానలలో నాటిన నారు దీపావళి నాటికి మీ యింటి ఆడపడుచుల జడలకు చాలినన్ని పూలు ఇచ్చును.